ఇనుము, చాప, పరుపు

జూడో మాస్టారు ఎవరు ఎదురుపడినా ముందు చెయ్యి కలిపేవారు, ఆ తర్వాతే మాట కలిపేవారు. మర్యాద తెలిసిన మనిషి, ఇందులో వింతేముంది అంటారేమో, అక్కడే పప్పులో కాలేస్తారు. పట్టుకున్న చెయ్యి ఆయన ఒక పట్టాన వదలరు. కళ్లు సగం మూసి, నాడి చూసే వైద్యుడిలా కాసేపు ఊరుకుని, మూడు మాటల్లో ఒకటి తేల్చేవారు. "ఇనుము" అంటే ఇవాళ బరువులు ఎత్తవచ్చు. "చాప" అంటే బరువుల జోలికి పోకుండా నెమ్మదిగా పట్లు సాధన చేసుకోవాలి. "పరుపు" అంటే సంచీ తీసుకుని ఇంటికి వెళ్లి పడుకోవాలి. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

టైర్ల దుకాణం పైన మేడ మీద ఉండేది ఆయన హాలు. ఒక గోడ వెంట తుప్పు మరకల బార్‌బెల్స్, మిగతా అంతా చాపలు. శిష్యులు మెట్లెక్కి వచ్చేసరికి ఆయన గుమ్మంలో చెయ్యి చాపి నిలబడి ఉండేవారు. లారీ తోలే ఆజానుబాహువు ఒకాయన ఒకరోజు "పరుపు" అనిపించుకున్నాడు. రాత్రంతా పెళ్లాంతో పోట్లాడిన సంగతి కూడా చేతిలో తెలిసిపోతుందా అని నోరెళ్లబెట్టి, ఇంటికి వెళ్లి రాజీపడి, హాయిగా నిద్రపోయాడు.

ఈ పిచ్చి హాలుతో ఆగితే బాగానే ఉండేది. బ్యాంకులో గుమాస్తాకి చెయ్యి కలిపి "పరుపు" అన్నారు. ఆ మానవుడు నిజంగానే కౌంటరు మూసి వెళ్లిపోయాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు మాస్టారిని ఏం చెయ్యలేక వదిలేశారు. ఒక పెళ్లిలో వరుడికి శుభాకాంక్షలు చెప్పబోయి, అలవాటు కొద్దీ అదే మాట అనేశారు. వియ్యాలవారి ముఖాలు మాడిపోయాయి. పెళ్లికొడుకు తండ్రి ఆయన్ని పక్కకి తీసుకెళ్లి, కనీసం "చాప" అని మార్చమని బతిమాలుకున్నాడు. మాస్టారు మార్చలేదు.

మాస్టారి కోడలు ఆ ఇంటికి వచ్చింది కూడా ఈ చేతి మీదుగానే. ఆమె బేకరీలో పిండి పిసికే పని చేసేది. పెళ్లిచూపుల్లో అందరూ ఆమె చదువు గురించి, జీతం గురించి అడుగుతుంటే, మాస్టారు చెయ్యి కలిపి "ఇనుము" అని లేచి నిలబడ్డారు. ఇంకేం మాట్లాడక్కర్లేదు, పదండి అన్నారు. ఆ రోజు తననెవరూ ఏమీ అడగలేదని మొగుడు ఇప్పటికీ అంటూనే ఉంటాడు.

పెళ్లయ్యాక సరదాకి హాలుకి వచ్చిన కోడలికి జూడో పట్టుకుంది. మామూలుగా కాదు, దెయ్యం పట్టినట్టు పట్టుకుంది. తెల్లవారకముందే బేకరీ, మధ్యాహ్నం బరువులు, సాయంత్రం చాప మీద విసుర్లు. అంతా కావాలి, అన్నీ ఇవాళే కావాలి. కిందటేడు నగర పోటీల్లో మొదటి కుస్తీలోనే చేతులు పైకి లేవక, రెప్పపాటులో వెల్లకిలా పడింది. వచ్చే ఏటికి ఆమె ఆ పోటీల వయోపరిమితి దాటిపోతుంది. అంటే గెలిస్తే ఈ ఏడే గెలవాలి, లేకపోతే లేదు. తీరా ఈ ఏడు పోటీలు దగ్గరపడుతుంటే మామగారు రోజు విడిచి రోజు చాపే, పరుపే అంటున్నారు.

"బరువెత్తిన రోజున బలం రాదమ్మాయ్," అన్నారు ఒకసారి. "ఎత్తి, తిని, పడుకున్నాక వస్తుంది. అది వచ్చే వేళకి నువ్వు ఇంట్లో ఉండటం లేదు."

కోడలికి ఒళ్లు మండిపోయింది. మర్నాడు చెయ్యి వేడినీళ్లలో నానబెట్టుకుని వచ్చింది. "పరుపు" అన్నారు. ఇంకోరోజు ఎముకలు విరిగేంత గట్టిగా నొక్కింది. ఆయన చిరునవ్వు నవ్వి మళ్లీ పరుపే అన్నారు. తన పిడికిట్లో పిండి ముద్దలు నలిగిపోతాయి, ఈయనకి చీమ కుట్టినట్టయినా లేదేమిటా అని ఆమె పళ్లు నూరుకుంటూ మెట్లు దిగింది.

ఆ వారమే మాస్టారు రొట్టె కోసం బేకరీకి వచ్చారు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రేకు పళ్లెం బల్ల మీద ఉంది. పక్కనున్న ముసలావిడ సంచీ పెట్టుకోవడానికి చోటు లేదని, కుడిచేత్తో దాన్ని ఎత్తి అవతల పెట్టారు. కబుర్లు మాత్రం ఆపలేదు. కోడలు పరుగున వచ్చి చెయ్యి లాగి చూస్తే వేళ్లు కందిపోయాయి. కాస్త వేడిగానే ఉన్నట్టుందే అంటూ ఆయన ఎడమచేత్తో పళ్లెం తాకి చూడబోయి, అబ్బా అని గెంతారు.

కోడలికి అనుమానం వచ్చింది. ఆ సాయంత్రం మామగారి వేళ్లకి మందు రాస్తున్న అత్తగారిని వంటింట్లోకి లాక్కెళ్లి నిలదీసింది.

"ఆ చేతికి పట్టు ఉంది గానీ స్పర్శ లేదే," అంది అత్తగారు తాపీగా. "పెళ్లికి ముందే పోయింది. అలసిపోయానని చెప్పడం నామోషీ అనుకుని, ఒళ్లు మొత్తుకుంటున్నా వినకుండా బరువులెత్తి, ఆ అలసిన భుజంతోనే కుస్తీకి దిగారట. నరం పోయింది."

"మరి ఇనుమూ పరుపూ ఎలా చెబుతారు?"

"మెట్లెలా ఎక్కుతున్నారో కిటికీలోంచి చూస్తారు. సంచీ ఎలా దింపుతున్నారో చూస్తారు. మిగతాది ఇళ్లకి ఫోన్ చేసి కనుక్కుంటారు. అలసిపోయావంటే ఎవరు ఒప్పుకుంటారు? నువ్వు ఒప్పుకుంటావా? అదే చెయ్యి చెప్పిందంటే నోరు మూసుకుని వెళ్లి పడుకుంటారు." అత్తగారు మందు సీసాకి మూత బిగించి, కాస్త గర్వంగా చెప్పింది. "నిన్ను అన్నిసార్లు పంపించింది ఆయన కాదులే. నువ్వు అన్నం సరిగా తినలేదని నేనే చెప్పాను."

కోడలికి నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి మాత్రం పరుపంటే పరుపే, మారుమాట లేదు. తిన్నది ఒంటపట్టింది, నిద్ర కంటపట్టింది. పోటీల నాటికి, ఎప్పుడూ బస్తాల్లా ఉండే చేతులు తేలికపడ్డాయి.

ఆ తేలిక చేతులతోనే ఆమె ఫైనల్ దాకా వచ్చింది. కానీ సెమీఫైనల్లో వేళ్లు కొంకర్లు పోయాయి. ఫైనల్లో అవతలి మనిషి చూస్తే తలుపంత ఉంది. భయపడుతూనే వచ్చి మామగారి ముందు చెయ్యి చాపింది. ఆయన పట్టుకున్నారు. ఆ చేతికి ఏమీ తెలియదని ఆమెకి తెలుసు. అయినా ఊపిరి బిగబట్టింది. మాస్టారు కళ్లు సగం మూశారు. మూయని సగంలోంచి ఆమె ముఖం చూశారు, ఆ తర్వాత గ్యాలరీలో కూర్చున్న భార్య వైపు చూశారు. ఆవిడ తలూపింది.

"ఇనుము," అన్నారు.

తలుపంత మనిషి ముందుకు తోసింది. కోడలు ఆ తోపుకి ఎదురు నిలవకుండా తన నడుం ఆమె నడుం కిందికి చేర్చి తిరిగింది. అవతలి మనిషి వెల్లకిలా పడిన చప్పుడుకి హాలంతా లేచి నిలబడింది. మాస్టారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు, పక్కనున్న పరాయివాళ్లందరి చేతులూ కుదిపేస్తూ, మా కోడలు, మా కోడలు అని చెప్పుకుంటున్నారు.

పతకం మెడలో వేసుకుని ఆమె రాగానే అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపారు. ఆమె అది పట్టుకోలేదు. ఆయన ఎడమచెయ్యి అందుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మాస్టారు ఒక్క క్షణం తెల్లబోయారు. ఆ చేతిని భార్య తప్ప ఇంకెవరూ అలా పట్టుకోరు మరి.

కోడలు కళ్లు సగం మూసుకుంది.

"పరుపు, మావయ్యగారూ," అంది. "ఈ వారమంతా మీరు సరిగా నిద్రపోలేదట. ఫోన్ చేసి కనుక్కున్నాను."

మాస్టారు భార్య వైపు చూశారు. రేపు హాలుకి సెలవని అందరికీ చెప్పమన్నారు. బుద్ధిగా సంచీ తీసుకుని కుడిభుజానికి తగిలించుకున్నారు. ఎప్పటిలాగే ఆయన ఎడమచెయ్యి అందుకోబోయిన అత్తగారు ఒక అడుగు ఆగి, ఇవాళ్టికి ఆ చెయ్యి కోడలికే వదిలేసింది.