గీతలు వంగిన చోటు

నా దగ్గర రైఫిల్ ఉందంటే కెనడాలో మా ఊరు రెజైనాలోని తెలుగువాళ్లు ఇప్పటికీ సగమే నమ్ముతారు. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి వెళ్తే, నేను పులిహోర గిన్నె ఇంకా కింద పెట్టకముందే, "సార్‌కి ముందు వడ్డించండమ్మా, లేకపోతే కాల్చేస్తారు" అని ఎవరో ఒకరు అంటారు. నేనూ నవ్వుతాను. పగలంతా ప్రభుత్వ ఆఫీసులో పాత డేటాబేసులకు మాట్లు వేసే మనిషిని. దీపావళికి కాకరపువ్వొత్తి కూడా చేయి చాచి దూరంగా పట్టుకుంటాను.

కాలేజీలో ఉండగా ఎన్‌సీసీ క్యాంపులో, గోనెసంచుల మీద బోర్లా పడుకుని ఐదు గుళ్లు కాల్చాను. ఎడమ కన్ను గట్టిగా మూసుకోమని హవల్దారు నెత్తిన ఒకటి మొట్టి మరీ చెప్పాడు. ఐదూ ఒకే చోట పడ్డాయి. ఆయన ఆ అట్టను పైకెత్తి క్యాంపంతటికీ చూపించాడు. నేను చేసిన పనిని ఎవరైనా అలా పైకెత్తి చూపించడం నా జీవితంలో అదొక్కసారే. ముప్పై ఏళ్ల తర్వాత ఇక్కడ లైసెన్సుకు కోర్సు ఉందని తెలియగానే చేరిపోయాను. అప్లికేషన్ మీద భార్య సంతకం కూడా అడిగారు. మా ఆవిడ పెన్ను చేతిలో పట్టుకుని, "కోపంలో ఉన్నప్పుడు దాని జోలికి వెళ్లనని ఒట్టేయండి, అప్పుడు పెడతా" అంది. వేశాను. ఆ ఒట్టు మాత్రం తప్పలేదు.

ఊరి నుంచి నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే షూటింగ్ రేంజ్. శనివారం ఉదయాలు నావి. బెంచీ మీద ఇసుక సంచి, దాని మీద రైఫిల్, వంద గజాల అవతల గళ్ల కాగితం, ఆ గళ్ల మధ్యలో ఒక నల్ల చుక్క. రైఫిల్ మీద బిగించిన స్కోప్‌లోంచి చూస్తే ఆ కాగితం ఎదురుగా బల్ల మీద పరిచినట్టు కనబడేది. ఊపిరి సగం వదిలి, వేలితో మెల్లగా నొక్కడం. బాగా కుదిరిన రోజున ఐదు బెజ్జాల మీద ఒక లూనీ, అదే ఇక్కడి డాలరు నాణెం, పెడితే ఐదూ దాగిపోయేవి. ఆఫీసులో నా మాట ఎవరూ వినకపోయినా, ఇంట్లో పిల్లలు నాకు ఇంగ్లీషులో రెండు ముక్కల్లో జవాబిచ్చినా, ఆ కాగితం మాత్రం నా మాట వినేది. ఈ దేశంలో నాకు నిజంగా చేతనైన పని అదొక్కటే అని లోపల్లోపల అనుకునేవాణ్ని.

ఒక శరదృతువులో కాగితం మీద గీతలు వంగడం మొదలైంది. నల్ల చుక్కకు కాస్త కింద, కుడి వైపు, రెండు గీతలు నీళ్లలో చూసినట్టు వంకరగా కనబడ్డాయి. నేను కంగారు పడలేదు. షూటర్లకు ఇది తెలిసిన సంగతే. నాలుగు గుళ్లు కాల్చాక గొట్టం వేడెక్కుతుంది, ఆ వేడి గాలి స్కోప్ ముందు నుంచి పైకి లేస్తుంది, అవతలి కాగితం ఆడుతున్నట్టు కనబడుతుంది. దాన్ని మిరాజ్ అంటారు. ప్రతి వారం రాసుకునే లాగ్‌బుక్‌లో, "మిరాజ్ ఎక్కువ. చుక్క కింద కుడి వైపు గీతలు వంకర" అని రాసుకున్నాను. అంత శ్రద్ధ గలవాణ్ని.

మిరాజ్‌కు విరుగుడుగా గొట్టం పొడవునా బిగించే బట్ట పట్టీ తెప్పించాను. గుండుకూ గుండుకూ మధ్య పది నిమిషాలు ఆగాను. చలికాలం వచ్చింది. మైనస్ ఇరవైలో, గొట్టం ఇనుము చేతికి అతుక్కుపోయేంత చల్లగా ఉన్నప్పుడు, మొదటి గుండు కూడా కాల్చకముందే స్కోప్‌లోకి చూశాను. గీతలు అక్కడే వంగి ఉన్నాయి. ఆ పూట లాగ్‌బుక్‌లో, "చల్లని గొట్టానికి కూడా మిరాజ్. విచిత్రం" అని రాశాను. విచిత్రం అని రాసి, పుస్తకం మూసి, దారిలో టిమ్స్‌లో కాఫీ తాగి ఇంటికి వచ్చాను. నా అంత తెలివితక్కువవాడు ఆ రోజు సస్కాచువాన్ రాష్ట్రం మొత్తంలో ఉండి ఉండడు.

గుళ్లు కాగితమంతా చెదిరిపోసాగాయి. తూటాల రకం మార్చాను, పోటీలకు వాడే ఖరీదైనవి తెచ్చాను. మార్పు లేదు. ఇక స్కోప్ అద్దంలోనే ఏదో లోపం ఉందని తేల్చుకుని, వారంటీ కింద కంపెనీకి పంపాను. రెండు నెలలకు, లోపమేమీ లేదన్న ఉత్తరంతో వెనక్కి వచ్చింది. మండిపోయి ఒక పొడవాటి ఈమెయిల్ రాసి, ఇంకా పెద్ద స్కోప్ కొన్నాను. అందులోనూ గీతలు వంగాయి, అదే చోట. ఈ రోజుల్లో ఎవడికీ అద్దం చేయడం చేతకావడం లేదని మా ఆవిడతో అన్నాను. ఆవిడ చపాతీ ఒత్తడం ఆపకుండా, "అన్నీ చూపించారు, ఒకసారి కళ్లు కూడా చూపించుకోండి" అంది. కంప్యూటర్ మీద చీమ తలకాయంత అక్షరాలు కూడా చదువుతున్నాను, నా కళ్లకేం తక్కువ అన్నాను. నిజంగానే చదివేవాణ్ని, రెండు కళ్లతో.

రేంజ్‌లో పర్యవేక్షణ చూసే పెద్దాయన ఒకరున్నారు. గోధుమ రైతు, డెబ్బై అయిదు దాటాయి, శుక్లాల ఆపరేషన్ కూడా అయింది. ఒక శనివారం ఆయన్ని పిలిచి, తూటా తీసేసి, బోల్ట్ తెరిచి పెట్టి, స్కోప్‌లోంచి ఒకసారి చూడమన్నాను. ఆయన తాపీగా కూర్చుని చాలాసేపు చూశారు.

"అద్దం చాలా బాగుంది. గీతలు మా పొలం కంచెలా తిన్నగా ఉన్నాయి" అన్నారు. లేస్తూ నా భుజం మీద చేయి వేసి, "ఈ వారం కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లు. నీ మంచికే చెప్తున్నా" అన్నారు.

నాకు రోషం వచ్చింది. పాపం, ముసలాయనకు చూపు ఆనక ఆ వంకర కనబడలేదు అనుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆవిడకు ఇదే మాట నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత ఆరు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఉదయం సింకు దగ్గర మొహం కడుక్కుంటుంటే ఎడమ కంట్లో సబ్బు పడింది. అది మూసుకుని, టవల్ కోసం చేయి చాస్తూ, కుడి కంటితో ఎదురుగా గోడ పలకలను చూశాను. రెండు పలకల మధ్య గీత వంగి ఉంది. కింద, కుడి వైపు. ఎడమ కన్ను తెరిచాను, మంటలోనే తిన్నగా అయింది. మూశాను, వంగింది. అక్కడ గొట్టం లేదు, తూటా లేదు, స్కోప్ లేదు. టవల్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రెండు కళ్లు తెరిచినంతసేపూ ఎడమది కుడిదాని తప్పును కప్పిపుచ్చుతూ వచ్చింది. కుడి కన్ను ఒంటరిగా పని చేసే చోటు నా బతుకులో ఆ బెంచీ ఒక్కటే. అక్కడ అది వారం వారం నాకు చెబుతూనే ఉంది.

కంటి స్పెషలిస్టు, ఒక డాక్టరమ్మ, నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. గళ్లు, మధ్యలో నల్ల చుక్క. నవ్వొచ్చింది. ఎప్పటి నుంచి ఇలా కనబడుతోందని అడిగారు. ఒక వారం నుంచి అని అబద్ధం చెప్పబోయి, సిగ్గుపడి, సంచిలోంచి లాగ్‌బుక్ తీసి మొదటి పేజీ అనువదించి చెప్పాను. నా లెక్కకు పదిహేను నెలలు. డాక్టరమ్మ తెలుగు రాని కళ్లతోనే ఆ పేజీలు మెల్లగా తిప్పారు. నేను వేసుకున్న చిన్న చిన్న బొమ్మలు, వంగిన గీతలు, వాటి పక్కన తారీఖులు. ఏ రోగీ ఇంత జాగ్రత్తగా రాసి తేలేదు అన్నారు. మొదట్లోనే వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, ఆ వాక్యం వదిలేశారు. రెటీనా మధ్యలో మచ్చ కట్టేసింది. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నదాన్ని కొంత నిలబెడతాయి గానీ పోయినదాన్ని తేలేవు. రెండో కంటికి కూడా రావచ్చునన్నారు.

ఆరు ఇంజెక్షన్ల తర్వాత ఒకసారి రేంజ్‌కు వెళ్లాను. స్కోప్‌లో సరిగ్గా చుక్క ఉండాల్సిన చోట బూడిద రంగు మరక. పెద్దాయన వచ్చి ఎడమ భుజానికి ఆనించి ప్రయత్నించమని ఓపికగా చూపించారు. ఇన్నేళ్ల కుడిచేతి అలవాటును ఎడమ చేయి ఒక పూటలో నేర్చుకోదు. పైగా చూసిన ప్రతిసారీ, ఈ కంట్లోనూ గీత వంగితే అన్న భయంతో తొందరపడి నొక్కేశాను. ఐదు గుళ్లలో మూడు కాగితం మీదే పడలేదు. ఆయన అప్పుడు చెప్పిన మాట వినలేదని ఒప్పుకోకుండానే ఇంటికి వచ్చేశాను. రైఫిల్‌ను తాళం వేసి బీరువాలో పెట్టాను. నింపని లైసెన్స్ రెన్యువల్ ఫారం ఆ బీరువా మీదే పడి ఉంది.

ఇప్పుడు డాక్టర్ ఇచ్చిన గళ్ల కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. రోజూ ఉదయం కుడి కన్ను అరచేత్తో మూసి, ఎడమ కంటితో చుక్కను చూడాలి. మొన్న బుధవారం చుక్కకు కాస్త పైన ఒక గీత కదిలినట్టనిపించింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. కాగితం ఉబ్బిందేమోనని వేలితో నొక్కి చూశాను. పక్కకు జరిగి, లైటు వేసి చూశాను.

"కుక్కర్ ఆవిరి ఇటు కొడుతోందా?" అని మా ఆవిడను అడిగాను.

ఆవిడ బల్ల దగ్గర బీన్స్ తరుగుతోంది. చాకు ఆపి నా వైపు చూసింది.

"ఇంకా బియ్యమే కడగలేదండీ" అంది.