మూత లోపలి చేప

ఆ వీధిలో అందరూ ఆవిడని వాచీలమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కుట్టుమిషన్ల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న కొట్టు ఆవిడది. ఇద్దరు లోపలికొస్తే మూడోవాళ్ళు వీధిలో నిలబడాల్సిందే. పొద్దున్నే బల్ల తుడుచుకుని, కుడికంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుందంటే, పలకరించినవాళ్ళకి ఎడమకంటితోనే జవాబు చెబుతుంది.

ఎవరైనా పాతకాలపు జేబు గడియారం తెచ్చారో, ఇక వాళ్ళ పని అయినట్టే. ఆగిపోయిందా, ఆలస్యంగా నడుస్తోందా అని అడగదు. ముందు వెనకమూత ఊడదీసి, అటు తిప్పీ ఇటు తిప్పీ, వెలుగుకి పట్టి లోపలివైపు చూస్తుంది. చూసి చప్పగా "ఊఁ" అంటుంది. గడియారానికి ఏం జబ్బో కనుక్కునేది ఆ తర్వాతే. "రోగిని వదిలేసి చొక్కా జేబులు వెతికే డాక్టరు ఈవిడొక్కతే" అని మందుల షాపాయన ఎగతాళి చేస్తుంటాడు.

ఆవిడ వెతికేది తాతకి తాతని. ఆయనా గడియారాలు బాగుచేసినవాడే. నూట ముప్ఫై, నూట నలభై ఏళ్ళ కిందటి మనిషి. ఫొటో లేదు. పేరు మేనత్త ఒకటి చెబితే బాబాయి ఇంకోటి చెప్పాడు. ఇద్దరూ ఒట్టేసి మరీ చెప్పారు. రికార్డుల ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, గుమాస్తా ఓ బీరువా తెరిచి, చెదలు తినగా మిగిలిన అట్టలు చూపించి, "మీ తాతగారు ఉంటే గింటే ఈ పుట్టలోనే ఉండుంటారమ్మా" అన్నాడు. అతగాడి హాస్యం తగలెయ్య! ఆవిడకి మాత్రం కోపం రాలేదు. ఆ అట్టల మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వచ్చేసింది.

ఇక మిగిలింది గడియారాలే. ఆ పనిలో ఒక అలవాటుంది. బాగుచేసినవాడు వెనకమూత లోపల సూదిమొనతో తన గుర్తూ, ఏడాదీ సన్నగా గీసిపెడతాడు. మళ్ళీ చెడిపోయి ఎవరి చేతికొచ్చినా, దీన్ని ఇదివరకు ఫలానావాడు చూశాడని తెలుస్తుంది. తాతకి తాత గుర్తు చేప. వాచీలమ్మ నాన్న తన జన్మలో రెండంటే రెండుసార్లు చూశాడట దాన్ని. ఆ రెండు గడియారాలూ యజమానులతోపాటు ఎటో వెళ్ళిపోయాయి. ఆయన చేత్తో గీసిన గీత ఒక్కటి కళ్ళారా చూడాలి. వాచీలమ్మకున్న కోరికల్లా అదే.

ఈ సంగతి నాన్న ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఆవిడ బల్ల దగ్గర కూర్చునేనాటికే ఆయన చూపు మందగించింది. ఆయన బయట స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. లోపల పనంతా ఈవిడదే. ప్రాణం పెట్టి చేసేది. గడియారం నడిపించి ఊరుకోకుండా, మెత్తటి గుడ్డకి పాలిష్ రాసి మూతలు లోపలా బయటా రుద్ది మెరిపించేది. తొమ్మిదేళ్ళు అలా మెరిపించాక, ఒకరోజు నాన్న ఒక మూత అందుకుని లోపల బొటనవేలి గోటితో తడిమి ఆగిపోయాడు.

"ఇందులో గీతలుండాలే?"

"అన్నీ పోగొట్టేశాను నాన్నా. అద్దంలా వచ్చింది."

ఆయన మూతని మరోసారి తడిమి చూశాడు. "నాదే తప్పమ్మా, నీకు చెప్పలేదు" అన్నాడు. అప్పుడు చెప్పాడు చేప సంగతి. కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని ఆవిడకి ఇప్పటికీ అనిపిస్తుంది. తను రుద్దేసిన మూతల్లో చేప అసలు లేకపోతే బాగుండునని ఒకరోజు అనుకుంటుంది. ఎక్కడో ఒక్కటైనా మిగిలుంటే చాలునని ఇంకోరోజు అనుకుంటుంది. ఇరవయ్యారేళ్ళుగా ఇదే వరస.

మొన్న మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. రిటైరైన టీచరు. నడుము వంగింది గానీ, గొంతు మాత్రం ఇంకా చివరి బెంచీ దాకా వినబడుతుంది. సంచిలోంచి రుమాలు, రుమాల్లోంచి జేబు గడియారం తీసింది.

"మావారిదమ్మా. వాళ్ళ ముత్తాత నుంచీ వస్తోంది. ఆయన పోయాక కీ ఇచ్చే దిక్కు లేక పట్టేసింది."

వాచీలమ్మ అలవాటుకొద్దీ మూత తీసింది. లోపల నున్నగా ఉంది.

"అందులో ఇప్పుడేం లేదులే" అంది టీచరు. "పూర్వం ఉండేవి. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా మామగారు భూతద్దం ఇచ్చి మరీ చూపించారు. మూడు చేపలు, ఒకదాని కింద ఒకటి. పక్కన ఏడాదులు. పద్దెనిమిదొందల డెబ్భైతొమ్మిది, ఎనభైనాలుగు, తొంభైఒకటి. మూడుసార్లూ ఒకడే బాగుచేశాడు, ఇంకొకళ్ళ దగ్గరికి తీసుకెళ్ళలేదు అనేవారు."

వాచీలమ్మ మూత బల్ల మీద పెట్టేసింది.

"మరి ఏమయ్యాయండీ అవి?" తెలిసే అడిగింది.

"ఇక్కడే కదా! ముప్ఫై ఏళ్ళయిందేమో. మీ నాన్నగారు బయట కూర్చున్నారు, లోపల నువ్వున్నావు. ఎంత బాగా మెరిపించావనీ! మావారు నెల్లాళ్ళు కనబడ్డ వాళ్ళందరికీ మూత తీసి చూపించారు. ఆ అమ్మాయి చెయ్యి బంగారం అని."

ఇన్నేళ్ళూ ఏ మాట వినాల్సొస్తుందోనని భయపడిందో, ఆ మాట మెచ్చుకోలుగా చెవిన పడింది. 

"ఆ చేపలు మా తాతకి తాతవండీ. ఒక్కటి దొరికినా చాలని ఇన్నాళ్ళూ ప్రతి గడియారంలోనూ చూస్తున్నాను. నేనే తుడిచేశాను."

టీచరు స్టూలు దగ్గరికి లాక్కుని, బల్ల మీదున్న కాగితం, పెన్సిలు తీసుకుని నెమ్మదిగా మూడు చేపలూ గీసింది. పక్కన ఏడాదులు వేసింది. వాచీలమ్మ ఆ కాగితం మీదికి వంగిపోయింది.

"దీనికి కన్ను ఉండేదాండీ? చుక్కలాగా ఏమైనా?"

టీచరు ఆలోచించింది. "అరవై ఏళ్ళ నాటి మాటమ్మా. నాకు గుర్తులేదు." తర్వాత గొంతు తగ్గించి, "చివరిసారి చూసింది నువ్వే కదా. నీకేమైనా గుర్తుందేమో చూడు" అంది.

వాచీలమ్మ కళ్ళు మూసుకుంది. రుద్దిన గుడ్డ గుర్తొచ్చింది, పాలిష్ వాసన గుర్తొచ్చింది. ఎంత తవ్వుకున్నా చేప మాత్రం గుర్తు రాలేదు.