మూలన ఎర్రముక్క, కింద స్క్రోలింగ్

పోయిన నెల మా మావ పెద్దకర్మ నాడు, భోజనాలన్నీ అయ్యాక సాయంత్రం పూట, పందిరి కింద మావాళ్లు ఇద్దరు ముగ్గురు సెల్‌ఫోన్ చుట్టూ చేరి ఇంగ్లండు లీగు ఫుట్‌బాల్ చూస్తున్నారు. మావ అంటే మా అమ్మ తమ్ముడు. ఆ బొమ్మలో కుడిపక్క పైమూలన 'లైవ్' అనే చిన్న ఎర్రముక్క కనబడగానే నేను ముఖం పక్కకి తిప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక కూర్చున్న ఒక పెద్దాయన, పోయినవాడి గురించి కర్మనాడైనా మంచి చెప్పుకోవాలన్న మర్యాద లేకుండా, "ఏటి సేత్తాం, తుపానని తెలిసీ కొడుకుని తీసుకెల్లి సముద్రానికి ఇచ్చొచ్చిన మనిసి" అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. అనవలసినవాణ్ణి నేనొక్కణ్ణే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పలాస దగ్గర పూండిలో కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పనిచేసేవాణ్ణి. డాబా మీద పెద్ద డిష్‌లు, కింద గదిలో ఒక కంప్యూటర్, ఒక క్యాసెట్ డెక్కు, ఎప్పుడూ వేడిగా ఉండే పెట్టెలు, అంతే మా సామ్రాజ్యం. అక్కణ్ణుంచి తీగలు కొబ్బరితోటల మీదుగా, జీడితోటల మీదుగా సముద్రపొడ్డున మా ఊరిదాకా పోయేవి. సినిమా ఛానల్‌కీ ఆటల ఛానల్‌కీ అడుగున మేం స్క్రోలింగ్ నడిపేవాళ్లం. పలాస బట్టల కొట్టు, టెక్కలిలో పళ్ల డాక్టరు, ఎవరిదో పెళ్లి శుభాకాంక్ష, వాటి మధ్యన మత్స్యకారులకు గమనిక. ఆ గమనిక కోసం రోజూ సాయంత్రం మత్స్యశాఖ ఆఫీసు నుంచి ఫోను వచ్చేది, వాళ్లు చెప్పింది చెప్పినట్టు నేను టైపు చేసేవాణ్ణి.

మావ యవ్వనంలో పారాదీప్ పడవల మీద బెంగాలీ వాళ్లతో పనిచేసి ఫుట్‌బాల్ పిచ్చి అంటించుకొచ్చాడు. మా ఊరి కుర్రాళ్లకి ఇసకలో బంతి తన్నడం నేర్పింది ఆయనే. శనివారం పొద్దుగూకితే రామమందిరం అరుగు మీది టీవీ ముందు ఊరు సగం చేరేది. ఆ ఛానల్ వాళ్లు ఆట మొదలవకముందే అరగంట సేపు ఊరించేవారు. కోట్లు వేసుకున్న ముగ్గురు బల్ల చుట్టూ కూర్చుని, బొమ్మ మీద బాణాలు గీసి, ఎవడు ఎటు పరుగెత్తాలో చెప్పుకునేవారు. "ఆల్లేటిరా అల్లుడా, బంతి రాకముందే తగువు తీరుత్తన్నారు, మన కులపెద్దల్లాగ" అనేవాడు మావ. ఆటగాళ్లు చిన్నపిల్లల చేతులు పట్టుకుని సొరంగంలోంచి బయటికి రావడం, వానలో తడుస్తూ జనం పాడే పాటలు, గోలు పడ్డాక దాన్నే మెల్లగా, ఇంకా మెల్లగా, నాలుగు దిక్కుల నుంచి చూపించడం, ఇవన్నీ మాకు ఆటకన్నా గొప్పగా ఉండేవి. వ్యాఖ్యానం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, ఆ గొంతు పైకి లేస్తున్న తీరును బట్టి గోలు రాబోతోందని మావ ముందే లేచి నిలబడేవాడు.

ఆ ఎర్రముక్క ఏమిటని ఆయన ఒకసారి అడిగితే నేనే చెప్పాను, అది మూలన ఉంటే ఆట ఈ నిమిషాన జరుగుతున్నట్టు, లేకపోతే పాతదన్నట్టు అని. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందంటే, వార్తల్లో మంత్రిగారు కనబడినా, "ఎర్రముక్క ఉందా లేదా సూడు" అని పరాచికాలాడేవాడు. మావకి చదువు రాదు. పక్కన కూర్చుని చదివి పెట్టేది ఆయన కొడుకు, నా ఈడు బావ. ఏడో తరగతిలో మానేసి పడవెక్కాడు గానీ, తెలుగు చదవడంలో మా తరగతిలో అతన్ని మించినవాడు లేడు.

ఒక శనివారం మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఆట చూడలేకపోయారు. మావాళ్ల కోసం నేను దాన్ని క్యాసెట్ మీద పట్టి ఉంచాను. ఆ రోజు గమనిక ఏమంటే, వాయుగుండం బలహీనపడింది, మత్స్యకారులు వేటకు వెళ్లవచ్చు. మా గదిలో స్క్రోలింగ్ కలిసిన తరువాతి తీగే డెక్కుకి పోతుంది కాబట్టి, ఆటతోపాటు అదీ క్యాసెట్‌లోకి ఎక్కింది. అప్పుడు నేను దాని సంగతి ఆలోచించనే లేదు.

తరువాతి శనివారానికి మళ్లీ వాయుగుండం. పొద్దుట మా ఊళ్లో మైకుతో చెప్పించారు, ఎవరూ వేటకి పోవద్దని. సాయంత్రం ఫోనులోనూ అదే మాట. నేను టైపు చేశాను, సినిమా ఛానల్ అడుగున నడిచింది. ఆటల ఛానల్ మాత్రం గాలికి డిష్ పక్కకి తిరిగిపోయి, తెరంతా చుక్కలైపోయింది. మా ఊరి నుంచి ఫోన్లు మొదలయ్యాయి, తిట్లు మరీ ఘాటుగా ఉన్నాయి. ఆ గాలిలో డాబా ఎక్కలేక, పోయినవారం మావాళ్లు చూడని ఆట క్యాసెట్‌ని డెక్కులో పెట్టి ఆ లైనులోకి వదిలాను. మూలన ఎర్రముక్క అలాగే వెలుగుతోంది. ఫోన్లు ఆగాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండో సగంలో చూశాను, డెక్కు బొమ్మకి కొత్త స్క్రోలింగ్ కలవదు, అడుగున క్యాసెట్‌లోని పాత గమనికే పోతోంది, వేటకు వెళ్లవచ్చు అని. క్యాసెట్ ఆపాలి. ఆపితే ఆట పాతదని తెలిసిపోతుంది, మళ్లీ తిట్లు. బంతి చూసేవాడు అడుగున అక్షరాలు చూస్తాడా, అయినా పొద్దుట మైకులో విన్నారు కదా అనుకున్నాను. ఆట పూర్తయ్యేదాకా అలాగే వదిలేశాను.

తెల్లవారకముందే మావా బావా పడవ దించారు. ఊరు మొత్తం మీద వాళ్లిద్దరే. పొద్దెక్కేసరికి మావ వల బెండ్లు పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. బావ రెండురోజుల తరువాత దొరికాడు, అతన్ని టెక్కలి ఆసుపత్రి వరండాలో చూశాను. అంతకుమించి దాని గురించి రాయలేను.

విచారణకి వచ్చిన అధికారుల ముందు మావ ఒకటే మాట చెప్పాడు. "పొద్దుట మైకు మాట పొద్దుటిది బాబూ. రేతిరి టీవీలో తగ్గిపోనాది, ఎల్లొచ్చని రాసినారు. నా కొడుకు సదివినాడు. ఎర్రముక్క ఉంది, నేను సూసినాను." అరుగు మీద చూసినవాళ్లని అడిగితే, "మేం బంతి సూసినాం గానీ కింద రాత ఎవుడు సూసినాడు" అన్నారు. అప్పుడు నన్ను పిలిచారు, అలాంటిది ఏమైనా టైపు చేశావా అని అడిగారు. లేదు సార్, వెళ్లవద్దనే టైపు చేశాను అన్నాను. కంప్యూటర్‌లో ఆ మాటే ఉంది, చూపించాను. అక్షరం అబద్ధం లేదు. మావ నా ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు, అర్థం కానట్టు. ఆ సాయంత్రమే ఆ క్యాసెట్ మీద ఒక సినిమా ఎక్కించేశాను.

ఊరు ఆయన్ని ఆశపోతు అంది, అబద్ధాలకోరు అంది. తరువాత ఆయనతో పడవెక్కడానికి ఎవరూ రాలేదు. ఆయన రోజూ పలాస పోయి జీడిపిక్కల బస్తాలు మోసి బతికాడు, మళ్లీ బంతి ముఖం చూడలేదు. అవన్నీ ఒక ఎత్తు. ఎప్పుడో ఒక పండక్కి నేను వెళితే, ఎవరిదో వల కుడుతూ తలెత్తకుండా అన్న మాట ఒక ఎత్తు. "నువ్వు సెప్పినాక తెలిసిందిరా అల్లుడా. ఆడికి సదువు సరిగ్గా అబ్బనేదు. ఒద్దు అన్నదాన్ని ఎల్లొచ్చని సదివీసినాడు పాపం." నా మాట నమ్మి, చచ్చిపోయిన కొడుకు చదువుని తప్పుపట్టుకున్నాడు. అప్పుడైనా నేను నిజం చెప్పలేదు. ఆ నమ్మకంతోనే ఆయన పోయాడు.

పెద్దకర్మ రోజు చీకటి పడ్డాక అత్తకి అంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, "నాకెందుకురా సెప్తావు, మీ మావ అబద్దం ఆడడని నాకు తెల్దేటి. ఊరికి సెప్పు. నా కొడుకు సరిగ్గానే సదివినాడని సెప్పు" అంది. అందుకే ఇది రాస్తున్నాను. ఊళ్లో కూడా చెబుతాను.

ఇప్పుడు కంట్రోల్ రూమ్ లేదు, ఆ డాబా మీద సెల్ టవర్ ఉంది. తుపాను కబురు ఎవరి జేబులోకి వాళ్లకి వస్తుంది. అరుగు మీద ఊరు చేరే శనివారాలు పోయాయి, గొంతు విని గోలు కనిపెట్టేవాడూ పోయాడు. మావాళ్ల ఫోన్లలో ఎర్రముక్క ఉంటుంది గానీ ఆట కొంచెం ఆలస్యంగా వస్తుందట, పక్కింటి టీవీలో కేకలు విన్నాక వీళ్లకి గోలు పడుతుందట. వాళ్లు దానికి నవ్వుకుంటుంటే నేను వింటూ కూర్చుంటాను. బావా, ఆ రోజు తెర మీద ఉన్నదే నువ్వు చదివావు. ఒక్క అక్షరం తప్పులేదు. ఈ మాట వినవలసిన మనిషి మాత్రం పోయిన నెలదాకా మన ఊళ్లోనే ఉన్నాడు.