మూడు బరువుల బాబాయి

ఏ వస్తువు కనబడినా మూడు ప్రశ్నలు అడగనిదే ముట్టుకోరు మూడు బరువుల బాబాయి. కిందికెంత, పక్కకెంత, పైకెంత?

నీటి సరఫరా ఆఫీసులో మోటార్ల ఎంపిక ఆయన పని. బావిలో వేలాడే నిలువు పంపు కడ్డీ, దాని రెక్కలు, వాటిని కిందికి తోసే నీళ్ళు, అన్నిటి బరువూ పైనున్న మోటారే మోయాలి గనక అక్కడ ఆ ప్రశ్నలు న్యాయమే. చిక్కల్లా ఆయన వాటిని ఇంటికి కూడా పట్టుకెళ్ళడం. మనవడు పుట్టినప్పుడు నర్సు బిడ్డను చేతికివ్వబోతే పైకెంత అని అడిగారట. "ఎగిరిపోడులెండి, పట్టుకోండి" అందట ఆవిడ.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చిన్న ఇంజినీరమ్మ ఈ కథ చెప్పి చెప్పి నవ్వేది. ఈ పొద్దున మాత్రం ఆమెకు ముద్ద దిగలేదు.

గుట్టమీది ఆసుపత్రికి నీళ్ళెక్కించే పంపు మోటారు కాలిపోయింది. తొమ్మిది రోజులుగా అక్కడికి ట్యాంకర్లే దిక్కు. దాని బదులు వచ్చిన మోటారు ఆమె ఒంటరిగా లెక్కకట్టి ఎంచిన మొదటిది. ఉద్యోగమింకా ఖాయం కాలేదు. నిన్న సాయంత్రం తన కాగితాలు మళ్ళీ తిరగేస్తే పైకెంత అన్న గడి ఖాళీగా కనబడింది. గొట్టం ఖాళీగా ఉండగా పంపు మొదలైతే నీటి ఊపుకు కడ్డీ ఒక్క క్షణం పైకి లేస్తుంది. మోటారులో కడ్డీని మోసే బేరింగు కిందికి మాత్రమే పట్టేదయితే ఆ క్షణంలోనే దెబ్బతింటుంది. దేవుడా, ఆసుపత్రికి మళ్ళీ నీళ్ళుండవు.

పంపు గదిలో బాబాయి మోటారు చుట్టూ తిరుగుతున్నారు. ఆపరేటరు కూర్చున్న స్టూలును కూడా కాస్త ఊపి చూశారు. లేవమంటారా అని అతను విసుక్కుంటే, కూర్చునే ఉండు, నువ్వు లేస్తే లెక్క మారుతుందన్నారు.

ఆపరేటరు స్విచ్చు మీద చెయ్యి వేశాడు. ఆమె అడ్డం వెళ్ళింది.

"ఆగండి. బాబాయి గారూ, నేను పైకెంతో రాయలేదు."

"ఏమో అమ్మా, ఈ మోటారు చప్పుడులో ఏమీ వినబడట్లేదు."

మోటారు ఇంకా మొదలే కాలేదు. ఆమె నోరు తెరిచేలోగా ఆయన చెయ్యి ఊపారు, స్విచ్చు పడింది.

ఆమె కళ్ళు మూసుకుంది. నేల వణికింది. ఎక్కడో లోపల టక్కుమంది. ఆ తర్వాత చప్పుడు సన్నబడి, సర్దుకుని, ఒకే తీరున సాగింది. గొట్టంలో నీళ్ళు గలగలమంటూ గుట్టెక్కాయి.

ఏమీ జరగనట్టు బాబాయి సంతకం కోసం ఫైలు చేతికిచ్చారు. మోటారు అందిన రసీదు కింద, మోటారు కంపెనీకి ఆయన దస్తూరీలో రాసిన ఒక ఉత్తరం నకలుంది. "పైకి లేచే బరువు రాయడం నేను మరిచాను. పొరపాటు నాదే. దయచేసి రెండు వైపులా పట్టే బేరింగు పెట్టి పంపగలరు." కింద ఆయన సంతకం. తారీఖు చూస్తే, ఆమె లెక్క ఇచ్చిన రోజే.

"నన్నెందుకు అడగలేదు?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "అడుగుదామనే వచ్చానమ్మా. మొదటి లెక్క అని నువ్వు బల్లబల్లకీ తిప్పి అందరికీ చూపించుకుంటున్నావు. అంతమంది ముందు ఎలా అడగను?"

జన్మలో ఆయన ఆ ప్రశ్న మింగేసింది ఆ ఒక్కసారే కాబోలు.

ఆమె కళ్ళు తుడుచుకుని, మూలనున్న కుర్చీ లాక్కొచ్చింది. ఆయన అలవాటుగా దాని చుట్టూ తిరగబోయారు.

"కిందికి డెబ్భై రెండు కిలోలు. పక్కకేమీ లేదు. పైకెంతో మీరు లేచేటప్పుడు రాసుకుందాం. ముందు కూర్చోండి."

బాబాయి బుద్ధిగా కూర్చున్నారు. కుర్చీ కిర్రుమంది. ఇద్దరూ ఒక్కసారే వంగి దాని కాళ్ళవైపు చూశారు.