పదమూడు వేల కిలోమీటర్లు, సంచికి ఏడు

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా వీధి వీధంతా ఆయన్ని చేపల మాస్టారనే పిలుస్తుంది. గాజు తొట్లలో రంగు చేపలు పెంచి, ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టి విమానంలో పంపడం ఆయన పని. సంచికి పది చేపలు, పద్దెనిమిది గంటలు ఢోకా లేదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే లెక్క. అది తప్పని ఎవరైనా అంటే మాస్టారు ఊరుకునే రకం కాదు.

అయితే అంతదాకా ఆయన చేపలు రెండు గంటల ప్రయాణం దాటి ఎరగవు. మొదటిసారి సముద్రాల అవతలి నగరం నుంచి ఆర్డరొచ్చింది. ఎనిమిది నెలలు కళ్ళలో వత్తులేసుకుని పెంచిన నీలం చేపలు, రెండు వందల పది. బతికి చేరితే నెలనెలా తెప్పించుకుంటామన్నారు. చస్తే ఇక అంతే సంగతులు.

మాస్టారు టికెట్ కాగితం చూశాడు. విమానం పొద్దున తొమ్మిదికి బయల్దేరి మధ్యాహ్నం రెండుకి దిగుతుంది.

"అయిదు గంటలు. ఎక్కించడానికీ దించడానికీ ఇంకో ఆరు. మొత్తం పదకొండు. సంచికి పదేసి కట్టెయ్," అని భార్యకు పురమాయించాడు. కట్టడం ఆవిడ పని, లెక్క ఆయన సొత్తు.

తెల్లారి వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే, "పెట్టెలు మూడు ఎక్కువయ్యాయేమిటి?" అని గొణిగాడు.

"బరువైతే మోసేవాళ్ళు ఎత్తి కుదేస్తారండీ," అంది ఆవిడ, ఆయన మొహం చూడకుండా.

విమానం ఎగిరాక ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ రసీదు చదివాడు. దూరం పదమూడు వేల కిలోమీటర్లు. నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. విమానం గంటకి తొమ్మిది వందలకి మించి పోదని అందరికీ చెప్పేది ఆయనే. అంటే ప్రయాణం అయిదు కాదు, దాదాపు పదిహేను గంటలు! తొమ్మిది ఇక్కడి టైము, రెండు అక్కడి టైము. అక్కడి గడియారం తొమ్మిదిన్నర గంటలు వెనక నడుస్తుందన్న సంగతి ఈ మహానుభావుడికి తట్టనే లేదు. పదిహేనుకి ఆరు కలిపితే ఇరవై ఒకటి. సంచిలో గాలి పద్దెనిమిదికే సరి.

"కొంప మునిగిందే! చేతులారా చంపుకున్నాను," అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీరు అరవనంటే ఒక మాట చెప్తా. నేను సంచికి పది వెయ్యలేదు. ఏడే వేశాను."

"ఏడా? ఎందుకూ?"

"అంత దూరం వెళ్తున్నాయి కదా, ఇరుకనిపించింది. మీకు చెబితే ఒప్పుకోరుగా."

అరవబోయినవాడల్లా చెయ్యి ముందుకు చాపాడు. వేళ్ళ మీద లెక్కేశాడు. పదింటికి పద్దెనిమిదైతే ఏడింటికి ఇరవై అయిదు. మళ్ళీ వేశాడు. ఇరవై అయిదే. గుండెల మీది కుంపటి దిగిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "బతికించావే!" అంటూ చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశాడు.

మర్నాడు పొద్దున్నే ఫోనొచ్చింది. రెండు వందల పదీ హాయిగా ఈదుతున్నాయట. వచ్చే నెలకి మళ్ళీ కావాలట. మాస్టారు కొత్త చీటీ తీసి అన్ని గళ్ళూ నింపాడు, ఒక్కటి తప్ప. దాన్ని పట్టుకుని తొట్ల దగ్గరున్న భార్య దగ్గరికెళ్ళి, ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"సంచికి ఎన్ని రాయమంటావు?"

"ఏడు," అంది ఆవిడ.

మాస్టారు ఖాళీ గడిలో ఏడే రాసుకున్నాడు.