మోగని అలారం

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి మా ఆఫీసులో లక్ష్యాల పండగ మొదలవుతుంది. పండగ అని నేను వెటకారంగా అంటాను గానీ, దానికంటే పిల్లల పరీక్షలే నయం. అల్గారిథం రాసే ప్రతి ఒక్కరూ రాబోయే ఏడాదిలో ఏం సాధిస్తారో కొలవడానికి వీలుగా అంకెల్లో చెప్పాలి. 'బాగా చేస్తాను' అంటే కుదరదు. ఎంత బాగా, ఎప్పటిలోగా, దేంతో కొలుస్తారు అని కంప్యూటరు ఒక్కో గడీ తెరిచి అడుగుతుంది. వాళ్ల పక్కన కూర్చుని ఆ గడులు నింపించడం టీమ్ లీడుగా నా పని.

ఆ పట్టికల్లో ఒకమ్మాయిది మాత్రం ఎప్పుడూ ఒకే వరుసతో మొదలవుతుంది. 'అలారం ఆపిన చెరువులు' అని ఉంటుంది, ఎదురుగా సున్నా. కొత్తగా చేరినవాళ్లు అదేంటని నన్నడుగుతారు. ఇప్పటికే సున్నా ఉన్నదాన్ని సున్నాగా ఉంచడం కూడా ఒక లక్ష్యమేనా అని నవ్వుతారు. వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాదేం పెద్ద కంపెనీ కాదు. గన్నవరం వెళ్లే రోడ్డు మీద ఒక మేడలో రెండో అంతస్తు, కింద టైల్స్ షాపు. మేం చేపల రైతుల కోసం పనిచేస్తాం. చెరువులో తేలే ఒక చిన్న పరికరం నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి పంపుతుంటుంది. మబ్బు పట్టి, గాలి ఆడక, చెరువులో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి చేప చచ్చి తేలుతుంది. పడిపోకముందే ఆ సంగతి పసిగట్టి రైతు ఫోన్‌లో అలారం మోగించాలి. రైతు వెంటనే ఏరియేటర్లు, అంటే నీళ్లు చిమ్మి గాలి కలిపే చక్రాలు, వేసుకుంటాడు. ఆ పసిగట్టే అల్గారిథం ఆ అమ్మాయిది.

ఆ అమ్మాయి వాళ్లది కైకలూరు వైపు. తరతరాలుగా చేపల మీద బతికిన కుటుంబం. తండ్రి చాలాకాలం హనుమాన్ జంక్షన్‌లో ఐసు పెట్టెలు సర్దించి లారీలకెక్కించే చేపల వ్యాపారం చేశారు. కూతురు ఈ ఉద్యోగంలో చేరాక ఎక్కడలేని ధైర్యం వచ్చి, ఆయన కూడా ఒక చెరువు లీజుకి తీసుకున్నారు. బొచ్చె, శీలావతి చేపపిల్లలు వేశారు. 'నా చెరువుకి మా అమ్మాయే కాపలా' అని జంక్షన్‌లో కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవారట. ఈ మాట ఆ అమ్మాయే సిగ్గుపడుతూ నాకు చెప్పింది.

ఆ ఏడాది మాకు కొత్త మేనేజర్ వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. కానీ అంకె కనపడకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఉత్తుత్తి అలారాలు సగానికి తగ్గించాలి అని ఆ అమ్మాయికి లక్ష్యం పెట్టారు. అలారం మోగి, ఆ తర్వాత ఆక్సిజన్ పడకపోతే అది ఉత్తుత్తి అలారం. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! నేను కూడా తలూపాను.

రెండు నెలలు తిరిగేసరికి ఆ అమ్మాయి గడి ఎర్రగా మారింది. ఉత్తుత్తివి తగ్గకపోగా పెరిగాయి. మళ్లీ ఎరుపే వస్తే ఉద్యోగం ఉండదని మేనేజర్ మెత్తగా, నవ్వుతూనే చెప్పారు. ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో కోపం ఉంది.

"అలారం మోగింది సార్. రైతు లేచి చక్రాలు వేశాడు. చక్రాలు వేస్తే ఆక్సిజన్ ఎందుకు పడిద్ది సార్? చేప బతికింది. బతికినందుకు నాకు తప్పు వేశారు."

ఇంత చదివి, ఇన్నేళ్లు చేసి, మా అందరి కళ్ల ముందున్న సంగతి మాకెవరికీ తట్టలేదు. అలారం ఎంత బాగా పనిచేస్తే ఆ పట్టికలో అంత అబద్ధంగా కనిపిస్తుంది. రైతు ఎంత శ్రద్ధగలవాడైతే ఆ అమ్మాయికి అంత ఎక్కువ మార్కులు పోతాయి. ఒళ్లు మండిపోయి మేనేజర్ గదిలోకి వెళ్లాను.

ఆయన అంతా విన్నారు. "కరెక్టేనండీ. మరి ఏది నిజం అలారమో, ఏది ఉత్తుత్తిదో ఎలా తేలుద్దాం? నంబర్ లేకుండా నేను రేటింగ్ ఎలా ఇవ్వాలి, చెప్పండి," అన్నారు.

దానికి జవాబు ఆ అమ్మాయే చెప్పింది. కొన్ని చెరువులకి కంప్యూటరు ఎప్పట్లాగే లెక్కవేయాలి గానీ అలారం మోగించకూడదు. ఆ తర్వాత ఆక్సిజన్ నిజంగా ప్రమాదాన్ని చూపే ఎర్ర గీత కిందకి పడిందా లేదా అని చూడాలి. అప్పుడు గానీ నిజం తేలదు. మేనేజర్ మొహం వెలిగిపోయింది. వెంటనే చెరువులు వెతకమన్నారు.

రైతులకి ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. అలారం ఆపుతామంటే ఎవరు ఒప్పుకుంటారు? "మోగడానికేగదండీ పెట్టించుకుంది," అని ఒకాయన నవ్వేశారు. ఇంకొకాయన నవ్వకుండా ఫోన్ పెట్టేశారు. నాకు లోలోపల సంతోషంగానే ఉంది, ఈ గొడవ ఇక్కడితో పోతుందిలే అని.

పోలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి తండ్రి నాకు ఫోన్ చేశారు. కూతురు ఇంట్లో చెప్పలేదు గానీ, సరిగ్గా తిండి తినకపోతుంటే ఆయనే అడిగి రాబట్టారు.

"మా చెరువుకి ఆపెయ్యండి సార్. నేనెట్టాగూ గట్టు మీదే పడుకుంటన్నా. నాకు అలారం దేనికి?"

ఆ అమ్మాయి వద్దంటే వద్దంది. తండ్రితో రెండు రోజులు మాట్లాడలేదు కూడా. ఆయన పట్టు వదల్లేదు. చివరికి ఒక ఆదివారం నేనూ ఆ అమ్మాయీ వాళ్ల చెరువుకి వెళ్లాం. గట్టు మీద రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టి ఆయన మాకు కొబ్బరిబోండాలు కొట్టించారు. నేను విడమరిచి చెప్పాను. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో మీ ఫోన్‌లో కనపడుతూనే ఉంటుంది, అలారం మాత్రమే మోగదు. ఏ మాత్రం అనుమానం వచ్చినా చక్రాలు వేసేయండి, మా లెక్క గురించి ఆలోచించొద్దు. ఆయన ప్రతిదానికీ "అట్టాగేనండీ, అట్టాగేనండీ" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆ అమ్మాయి నన్ను ఒకటే అడిగింది. తండ్రి చెరువు లెక్క తనకి కనపడకుండా చేయమంది. "కనపడితే ఫోన్ చేయకుండా ఉండలేను సార్. చేశానంటే నాన్న చక్రాలు వేసేస్తారు, మళ్లీ అదే అయిద్ది." నేను అలాగే చేశాను.

మొదట్లో అంతా సవ్యంగానే జరిగింది. ఎప్పుడైనా ఆక్సిజన్ ఎర్ర గీత తాకితే ఆయన చక్రాలు వేసుకుని, తెల్లారాక నాకు ఫోన్ చేసేవారు. "ఇయ్యాళ తగిలిందండీ. మీ దాంట్లో ముందే పడిందాండీ?" నేను మా కంప్యూటరు రాసుకున్న హెచ్చరిక చూసి, పడిందండీ అనేవాణ్ని. ఆయన అవతల చిన్నపిల్లాడిలా నవ్వేవారు. ఒకసారి మాత్రం మా దాంట్లో పడింది గానీ చెరువులో గీత తాకలేదు. ఆ సంగతి చెప్పాను. "అంటే అది అమ్మాయికి తప్పు కిందకేనాండీ?" అని అడిగారు. ఒక్కటేనండీ, పర్లేదండీ అన్నాను. ఆయనకి మాత్రం అది ముల్లులా దిగబడిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

వానాకాలం చివర్లో ముసురు పట్టింది. విజయవాడలో రోడ్ల మీద నీళ్లు నిలిచాయి. చేప బాగా ఎదిగింది, ముసురు తగ్గగానే పట్టుబడి పెట్టి వలలు వేయిస్తానని ఆయన అంతకుముందు వారమే చెప్పారు. ముసురులో ఒక ఉదయం నేను కాఫీ తాగుతుంటే ఆయన ఫోన్ వచ్చింది. ఎప్పటిలా అడగలేదు. "అమ్మాయిని తీసుకుని ఒకసారి వస్తారాండీ?" అని మాత్రం అన్నారు.

ఇద్దరం వెంటనే కారులో బయల్దేరాం. హనుమాన్ జంక్షన్ దగ్గర చేపల లారీలకి దారివ్వడానికి కారు ఆగింది. ఆ అమ్మాయి కిటికీ అద్దం ఎత్తేసుకుంది.

గట్టెక్కేసరికి చెరువంతా తెల్లగా ఉంది. బొచ్చెలు, శీలావతులు పొట్టలు పైకి తేలి, గాలివాటుకి ఒక మూలకి చేరుతున్నాయి. చక్రాలు అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. ఇంకెవరికోసం తిరుగుతున్నాయో వాటికి తెలియదు కదా. అవతల గట్టున పూడ్చడానికి పొక్లెయిన్ గొయ్యి తీస్తోంది. ఆయన మోకాళ్ల దాకా బురదతో, తలకి తుండు చుట్టుకుని మాకు ఎదురొచ్చారు. అంత కష్టంలో కూడా "రండి సార్, కూర్చోండి" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

"ఏం జరిగిందండీ?"

"తెల్లారగట్ల చేప నోళ్లు తెరుసుకుని పైకి లేసిందండీ. ఫోన్‌లో చూస్తే అంకె గీతకి కాస్త పైనే ఆగిపోయింది. కిందకి దిగట్లా. అప్పుడే చక్రాలు వేసేస్తే గీత తాకలేదని మళ్లీ అమ్మాయికి తప్పు రాస్తారు కదండీ. కొంచెం ఆగుదాం, దిగిద్దిలే అనుకున్నా. దిగింది. దిగడం దిగడం ఒక్కసారే దిగిపోయిందండీ. చక్రాలు వేశా. అందలా."

అనుమానం వస్తే వేసేయమన్నానుగా అని నేను అనలేదు. ఆ మాట ఆయనకీ గుర్తుంది. గుర్తుండి కూడా ఆగారు. ఆ గట్టు మీద ఎవరిని తిట్టుకోవాలో తెలియక, మేనేజర్ గదిలో గోడ మీద వేలాడే రంగురంగుల పట్టికని తిట్టుకున్నాను.

ఆ అమ్మాయి చెరువు వైపు చూడలేదు. తండ్రినే చూస్తోంది. ఆయన కూతురి వంక చూడకుండా, నాతో అన్నట్టుగా అడిగారు.

"ఇంతకీ మీ దాంట్లో ముందే పడిందాండీ?"

నేను ఫోన్ తీశాను. నేను తెరిచేలోగా ఆ అమ్మాయే దాన్ని నా దగ్గర్నుంచి తీసుకుంది. ఇన్నాళ్లూ తను చూడనని పెట్టుకున్న ఆ లెక్క తెరిచి చదివింది.

"పడింది నాన్నా. నిన్న సాయంత్రమే పడింది. ఇంకా వెలుగుండగానే చెప్పింది."

ఆయన తలకున్న తుండు విప్పి మొహం తుడుచుకున్నారు. ఆ ఉదయం మొట్టమొదటిసారి ఆ మొహంలో కాస్త తేట కనిపించింది. నా వైపు తిరిగారు.

"చూశారా సార్, మా అమ్మాయి చెప్తే తప్పదండీ."