ఎర్రచుక్క ఈగ మూసిన బొంగు

తేనెటీగల కోసం గోళ్ళరంగు కొన్న మొదటి మగాణ్ణి విశాఖపట్నంలో నేనే అయ్యుంటానని ఇప్పటికీ నా అనుమానం. వన్‌టౌన్‌లో ఒక ముసలి సాయిబుగారి ఫ్యాన్సీ కొట్టుకి వెళ్ళి ఎరుపు, తెలుపు, గులాబీ మూడు సీసాలు అడిగాను.

"మూడు రంగులా? ఎంతమందికి బాబూ?" అన్నాడాయన గాజులు సర్దుతూ.

"పదకొండు."

"యా అల్లా! పదకొండు మందికి మూడు సీసాలు సాలతాయేటి?"

"ఒక్కోదానికి ఒక్క చుక్కే సాయిబుగారూ. వీపు మీద."

ఆయన చేతిలో గాజులు ఆగిపోయాయి. ఆడవాళ్ళకి కాదు, తేనెటీగలకి అని చెప్పాక ఇంకా భయపడ్డాడు.

ఎనభైల మొదట్లో సంగతి. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించి, ఉద్యోగం దొరక్క, మా మాస్టారి దగ్గర పరిశోధనలో చేరాను. పంటల మీద కొట్టే పురుగుమందు ఒంటరి తేనెటీగలను ఏం చేస్తుందో తేల్చాలని ఆయన పట్టుదల. ఒంటరి అంటే రాణి లేదు, పట్టు లేదు, దాచిన తేనె లేదు. ప్రతి ఆడ ఈగా తన గూడు తనే కట్టుకుని, తన పిల్లల తిండి తనే సమకూరుస్తుంది. "ప్రకృతి మన ముందు మహాగ్రంథం తెరిచిపెట్టిందోయ్!" అనేవారు మాస్టారు. ఆ గ్రంథం దువ్వాడ అవతల కందిచేలో ఉండేది. రెండు బస్సులు మారి మైలున్నర నడిస్తేగాని పేజీ తిరిగేది కాదు.

ఆ చేని రైతు నాకంటే పదేళ్ళు పెద్ద. ఉక్కు ఫ్యాక్టరీకి పోగా మిగిలిన నేల రెండు ముక్కలు. మధ్యలో ఒక గుట్ట. పగలు ఫ్యాక్టరీ కట్టుబడి పనికి పోయేవాడు, పొద్దునా సాయంత్రమూ కంది చూసుకునేవాడు. మొదటిరోజే నన్ను "బావా" అనేశాడు. ఒప్పందం ఇదీ: ఇవతలి ముక్కకు ఎప్పట్లాగే మందు కొట్టాలి; గుట్ట అవతలి ముక్క మీద పూత రాలేదాకా చుక్క పడకూడదు. పోల్చి చూడ్డానికి అదొక్కటే ఆధారం. అది చెడితే కంది మళ్ళీ పూసేదాకా, అంటే ఏడాది, నేను ఖాళీ.

రెండు చోట్లా రాటలకు వేలెడు లావు వెదురు బొంగులు కట్టలుగా కట్టాం. వారం తిరక్కుండా ఈగలు దిగాయి. గుట్ట అవతల పదకొండు. ఏది ఏదో తెలిసేలా రంగూ చోటూ మార్చి వాటికి చుక్కలు పెట్టాను; నడివీపున ఎరుపు ఒక్కదానికే.

నేను దేన్నీ చూసి నోరు తెరిచే రకం కాదు. కానీ ఆ ఎర్రచుక్క ఈగ కంది ఆకు కత్తిరించడం చూసి తెరిచాను. ఆకు అంచున కూర్చుని, తన ఒంటి చుట్టూ తనే తిరుగుతూ, నాలుగు లెక్కపెట్టేలోగా ముక్క కోసేసింది. గోడలకు కోలముక్కలు, మూతకు గుండ్రటి ముక్కలు. మా వీధి దర్జీ టేపు పెట్టి కొలిచి కూడా నా చొక్కా కాలరు ఒకవైపు పెద్దది కుట్టాడు. ఇది ముక్కను పొట్ట కింద చాపలా చుట్టి పట్టుకుని, ఎగిరి, అన్ని బొంగుల్లోనూ తన బొంగే వెతుక్కుని దూరింది. లోపల ఆకులతో గది కట్టి, పసుపుముద్దలాంటి పుప్పొడి పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి, తలుపు మూసి, పక్క గది మొదలుపెట్టింది. కూతుళ్ళు లోపలి గదుల్లో, కొడుకులు గుమ్మం దగ్గర. ఏ గుడ్డు ఆడో ఏది మగో తల్లే నిర్ణయిస్తుందట. కొడుకులు ముందు బయటికొచ్చి, పనేమీ లేకుండా వీధిలో కాచుకుని ఉంటారు. ఎమ్మెస్సీ అయ్యాక నేను చేసిందీ అదే.

ఎర్రచుక్క నాలుగు గదులు ముగించినప్పుడు, మాస్టారు చేను చూడ్డానికి వస్తున్నారని రైతుకి చెప్పాను. అదే నేను చేసిన తప్పు.

మేం వెళ్ళేసరికి అవతలి ముక్కలో ఆకులు తళతళలాడుతున్నాయి. వాసన గుట్ట ఇవతలికే కొట్టింది.

"సూడండి సారూ, ఒక్క పురుగుందేటో!" అన్నాడు రైతు, ముఖం వెలిగిపోతూ.

"ఇక్కడా మందు కొట్టావా?" మాస్టారు ఒక ఆకు తుంచి వాసన చూశారు.

"ఇయాల పొద్దున్నే కొట్టాను. తమరొత్తన్నారని. పురుగుపట్టిన సేను తమరికి సూపిత్తానేటి? నా పరువేటవుద్ది?"

"సుట్టాలొత్తే గుమ్మం తుడవమేటి తమ్ముడూ?" అంది రైతు భార్య, మజ్జిగ గ్లాసు నా చేతికిస్తూ.

మాస్టారు గట్టు మీద కూలబడ్డారు. "మన శ్రమంతా భస్మమైపోయిందోయ్!"

"భస్మం కాదు మాస్టారూ, ఇంకా తడిగానే ఉంది," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

పూల కింద తెల్లచుక్క ఈగ ఒకటి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. రైతు దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. అది ఆగిపోయేదాకా చెయ్యి కదపలేదు. "పురుక్కని కొట్టాను బావా," అన్నాడు మెల్లగా. "దీని ఊసే మర్సిపోనాను."

మధ్యాహ్నందాకా బొంగుల ముందు కూర్చున్నాం. పదకొండింటిలో ఒక్కటే తిరిగొచ్చింది, పొట్ట కింద ఆకుముక్కతో. ఎర్రచుక్క.

"దీనికేటీ అవలేదా?" అన్నాడు రైతు.

"తెలీదు బావా," అన్నాను.

అది ఇంకో మూడు గదులు కట్టింది. చివర మూతకి గుండ్రటి ముక్కలు ఒకదాని మీద ఒకటి పన్నెండు బిగించింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆ బొంగుని గాజు జాడీలో పెట్టి, పైన పల్చటి గుడ్డ కట్టి, ప్రయోగశాలకు తెచ్చాను. అందులోంచి ఏదైనా బయటికొస్తే ఏడాదికి కొంతైనా అర్థం ఉంటుందని నా ఆశ. రైతు ఆశ వేరు. సెలవు దొరికిన ప్రతిసారీ బస్సెక్కి వచ్చి, బల్ల ముందు బడిపిల్లాడిలా కూర్చునేవాడు. ఉడకబెట్టిన కందికాయలు తెచ్చేవాడు. అవి ఏ ముక్కలోవని నేనెప్పుడూ అడగలేదు.

నెల దాటింది. ముందు రావాల్సిన కొడుకులు రాలేదు. "మందు పడ్డాక తెచ్చిన పుప్పొడి వాళ్ళది. గుమ్మం వైపు గదులు పోయినట్టే. దారి మూసుకుపోయాక వెనకవాళ్ళు మాత్రం ఎలా వస్తారు? చీల్చి చూసేద్దాం," అని మాస్టారు కత్తి తీశారు.

రైతు బొంగు జాడీలోంచి తీసి చెవికి ఆనించుకున్నాడు. చాలాసేపు. మాస్టారు కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"ఆగండి సారూ. లోపలెవులో కొరుకుతన్నారు."

నా చెవికిచ్చాడు. ఎండిన ఆకు మీద గోరుతో గీకినట్టు సన్నటి చప్పుడు. ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. మందు పడకముందు తల్లి కట్టిన లోపలి గదుల్లోంచి కూతుళ్ళు, చచ్చిపోయిన తమ్ముళ్ళ మూడు గదులూ తొలుచుకుంటూ వస్తున్నారు.

పన్నెండు మూతలూ తొలిచి మొదటి తల బయటపడేసరికి మధ్యాహ్నమైంది. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. బొంగు అంచున కూర్చుని, మీసాలు తుడుచుకుని, మా ముగ్గుర్నీ పట్టించుకోకుండా రెక్కలు ఆరబెట్టుకున్నాయి. నేను గోళ్ళరంగు మూత తిప్పాలి. తిప్పలేకపోయాను.

"ఏటి బావా, మాటాడవేటి? రోజూ వాగుతుంటావు!" అన్నాడు రైతు. అంటూనే లేచి, ఎవర్నీ అడక్కుండా, కిటికీ రెక్కలు రెండూ తెరిచేశాడు.

మూడూ వెళ్ళిపోయాయి. మాస్టారూ ఆకాశంలోకే చూస్తున్నారు. నోటుపుస్తకంలో ఏం రాయాలో తెలియక, "కిటికీ తెరిచి ఉంది" అని రాశాను. నాలుగోది మర్నాడు వచ్చింది. దానికి మాత్రం ఎర్రచుక్క పెట్టి వదిలాను.